గుడ్డు పెంకుల పెద్ద వాయ

మా ఇంట్లోకి గుడ్డు రాదు. మా అత్తగారి కాలం నుంచీ అంతే. నా మనవరాలు సృజన బయట ఏం తింటుందో నేను అడగను, అది చెప్పదు. ఆ ఒప్పందం మీదే మేమిద్దరం ఒకే గదిలో సర్దుకుని పడుకుంటున్నాం. అలాంటి ఇంట్లో, మొన్న ఎండలు ముదరకముందు, మేడ మీద కాలు పెట్టడానికి చోటు లేకుండా కోడిగుడ్ల పెంకులు ఆరబోసి ఉన్నాయంటే బోయిగూడలో మమ్మల్ని ఎరిగినవాళ్లెవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఆరబోసింది నేనే.

సంగతి గుప్పెడు పెంకులతో మొదలైంది. సృజనది డిగ్రీ చివరి సంవత్సరం, కెమిస్ట్రీ. దానికి ప్రాజెక్టులో జోడీ ఆషర్ అనే అబ్బాయి, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ వాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఏదో పడిపోయిన వస్తువును వెతుకుతున్నట్టు మెడ కాస్త వంచి నడుస్తాడు. మా ఇంటికొస్తే ముందు నా దగ్గరికే వచ్చి, “నానమ్మా, మోకాళ్లు ఎట్లున్నయ్?” అని అడుగుతాడు. సొంత మనవరాలికి నాకు మోకాళ్లున్న సంగతే గుర్తుండదు.

వాళ్లు చేసే పనేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది కూడా వాడే.

“మిర్చీలు గోలిచ్చి గోలిచ్చి నల్లబడ్డ నూనె ఉంటది గదా నానమ్మా, దాన్ని డీజిల్ లెక్క చేస్తం.”

“దాంతోని మోటరు నడుస్తదా?”

“మంచిగ నడుస్తది. కానీ నూనె ఉట్టిగ మారదు. దాని పక్కకు ఇంకోటి ఉండి మార్పియ్యాలె. దాన్ని క్యాటలిస్ట్ అంటరు.”

“పాలల్ల తోడేసినట్టా?”

“కాదు నానమ్మా,” అని సృజన అడ్డొచ్చింది. “తోడు పెరుగులనే కలిసిపోతది. ఇది పని చేయించి, ఎట్ల పోయిందో అట్లనే బయటికొస్తది.”

“అంటే సంబంధం కుదిర్చే మనిషి.”

“గదే!” అన్నాడు ఆషర్. “ఆయనన్న పెండ్లిల బోజనం చేసి పోతడు. ఇది అది సుత అడగదు.”

ఇంతకీ ఆ క్యాటలిస్టు ఏమిటంటే సున్నం. గుడ్డు పెంకులను కడిగి, ఆరబెట్టి, దంచి, కాలేజీలో ఉన్న కరెంటు కొలిమిలో బాగా కాలిస్తే మిగిలేది మెత్తని తెల్లని సున్నమేనట. సున్నం నాకు కొత్తా? నా పెళ్లైన కొత్తలో, దసరా ముందు ఇంటికి వెల్ల వేయించడానికి మా ఆయన రాతిసున్నం తెప్పించి డ్రమ్ములో నీళ్లు పోసేవారు. కింద పొయ్యి లేకుండానే నీళ్లు కుతకుతా ఉడికేవి. పక్కింటి జగదాంబ కేకలు పెట్టి పిల్లలను దూరం లాగేది. అది చల్లారాక నీలిమందు కలిపి వేస్తే గోడలు చంద్రుడిలా ఉండేవి. ఆ సరుకే గుడ్డు పైన డొల్లలో దాగి ఉందంటే నాకు ముచ్చటేసింది. అంటరాని వస్తువని ఇన్నాళ్లూ దూరం పెట్టినదాంట్లో మా గోడల తెలుపు ఉందన్నమాట.

గుప్పెడు పెంకుల సున్నంతో వాళ్లు చిన్న సీసాలో నూనె మార్చారు. ఆ ఫొటో ఫోన్లో చూశాను. పైన తేనె రంగు, అడుగున చిక్కని నల్లటి మడ్డి. రెంటి మధ్యా గీత గీసినట్టు ఉంది. ఆ గీత రావడమే గెలుపట. గీత రాకపోతే నూనె నూనెగానే ఉందని అర్థం.

అది చూసి వాళ్ల స్వర్ణలత మేడమ్ చాలా సంతోషపడింది. వెంటనే పెద్ద పని పెట్టింది. విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శన ఒకటి ఉంది, అక్కడ అందరి ముందూ జనరేటరు నడిపి చూపించాలి, దానికి క్యాన్ల కొద్దీ నూనె మార్చాలి, కాబట్టి సున్నం కూడా డబ్బాల కొద్దీ కావాలి. ఆ పని నిలబడితే ఇద్దరి పేర్లూ తార్నాక వైపున్న ఒక పెద్ద ల్యాబుకు పంపిస్తానంది. సెలవులన్నీ అక్కడే ఉండి పని నేర్చుకోవచ్చు. సృజన ఆ మాట చెప్పినప్పుడు ఎగిరి గంతేసింది. ఆషర్ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల నాన్న పట్టాల మీద పనిచేసే మనిషి. “నేను చిన్నప్పటి సంది బస్సులకెళ్లి ఆ గేటు చూస్తున్న నానమ్మా,” అన్నాడు. “లోపల ఏముంటదో తెల్వదు. గేటే చూస్త.” వాడికి ఆ గేటు ఎంత కావాలో నాకు అప్పుడు తెలిసింది.

గుప్పెడు చేసేటప్పుడు పెంకులు తెచ్చిందీ, కడిగిందీ, కాల్చిందీ వాళ్లిద్దరే. అంతా కాలేజీ గదిలోనే జరిగిపోయింది. పెద్ద వాయ అనేసరికి అట్లా కుదరలేదు. ఆషర్ వాళ్లమ్మ రాజ్యం స్టేషన్ దగ్గర ఆమ్లెట్ బండ్లవాళ్లతో మాట్లాడి, క్వార్టర్స్‌లో ఇంటింటికీ చెప్పి పెంకులు పోగుచేసింది. గోనెసంచుల్లో ఆటోలో వచ్చాయి. కాలేజీలో అన్ని కడగడానికి నీళ్లు లేవు, ఆరబోయడానికి జాగా లేదు. మా మేడ ఉంది, ఎండ ఉంది, నేనున్నాను. మా కోడలు రాధిక ముక్కు మూసుకుని, “అత్తయ్యా, మీరే ఒప్పుకున్నారు, మీరే చూసుకోండి,” అని కిందికి దిగిపోయింది. ఆవిడది కోస్తా వైపు. పుట్టింటికి వెళితే గుడ్లు తింటుంది కానీ వాసన పడదు.

“ఉట్టి నీళ్లతోని కడిగి ఎండబెట్టున్రి నానమ్మా, చాలు,” అని ఆషర్ చెప్పి వెళ్లాడు.

కడిగాను. ముందు నల్లా నీళ్లలో బాగా ఆడించి, ఆ తర్వాత దొడ్డుప్పూ పసుపూ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబోశాను. కరోనా రోజుల నుంచి మా ఇంట్లో కాకరకాయ కూడా ఉప్పుపసుపు నీళ్లలో స్నానం చేయకుండా లోపలికి రాదు. ఎండకు పెంకులు గలగలలాడుతూ, ముట్టుకుంటే విరిగేట్టు ఎండాయి. నేను చేసిన పనికి నాకే మురిపెంగా ఉండింది.

కాల్చడం ఆషర్ వంతు. ఆ రోజు శనివారం. సాయంత్రం వాడికి చర్చిలో మట్టల ఆదివారం పాటల ప్రాక్టీసు ఉంది. కొలిమి వేడి పెట్టి, మధ్యలో కాసేపు పాటలకు వెళ్లొచ్చాడు. తర్వాత తలుపు తీసి చూస్తే మెత్తని పిండికి బదులు గట్టి గడ్డలు, గిన్నెలకు అతుక్కుని, అక్కడక్కడ మెరుస్తూ ఉన్నాయట. వాటినే దంచి నూనెలో వేశారు. రాత్రి గడిచింది, పగలు గడిచింది. జాడీలో గీత రాలేదు.

సృజన ఇంటికొచ్చి బ్యాగు విసిరేసింది.

“వాడు పాటలు పాడనీకె పోయిండు నానమ్మా! వేడి ఎక్కువైంది, సున్నం మాడిపోయింది. మేడమ్ చూడంగనే చెప్పింది, ఓవర్ బర్న్ అని.”

“ఆషర్ ఏమన్నడు?”

“వేడి పెంచలే అంటడు. పెంచకుంటే ఎట్ల గడ్డ కడ్తది? నేను మొఖం మీదనే అన్న, నీ పాటలకు నా ప్రాజెక్ట్ కాల్చినవ్ అని.”

“గట్లంటవా పిల్లగాన్ని?”

“మరేమనాలె? మేడమ్ సుత అంతే అన్నది. ల్యాబుకు నా పేరొక్కటే పంపిస్తదట. కొలిమి ఇడిచిపెట్టి పోయేటోన్ని అక్కడికి పంపితే కాలేజీ ఇజ్జత్ పోతది అన్నది.”

చెప్పడం పూర్తయ్యాక విసిరేసిన బ్యాగును తీసి మేకుకు తగిలించింది. గెలిచినదానిలా లేదు మొహం. నేను వంటింట్లోకి వెళ్లి పప్పు తిప్పుతూ నిలబడ్డాను. కొలిమి విడిచిపెట్టడం తప్పే. నేను కూడా అదే అనుకున్నాను. మంట ముందు కూర్చున్నవాళ్లు లేవకూడదని మా అత్తగారు ఎన్నిసార్లు అన్నారో.

కొన్నాళ్లకు ఆషర్ వచ్చాడు. పెంకులు కడగడానికి వాళ్లమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ టబ్బులు మా మేడ మీదే ఉండిపోయాయి. సృజన కాలేజీలో ఉండే వేళ చూసుకుని వచ్చాడని నాకు తెలుస్తూనే ఉంది. గడప అవతలే నిలబడ్డాడు.

“టబ్బులు తీస్కపోత నానమ్మా. అమ్మకు కావాల్నట.”

“లోపలికి రా. చాయ్ పెడ్త.”

“వద్దు, కింద దోస్తు ఉన్నడు.”

“ఎవరు?”

వాడు కిందికి చూసి, “ఎవరు లేరు,” అన్నాడు.

మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ వాడి వెనకే మేడెక్కాను. ఒక మూల అర గోనెసంచెడు పెంకులు మిగిలి ఉన్నాయి, కడిగి ఎండబెట్టినవే. వాడు వాటివైపు చూడకుండా టబ్బులు ఒకదాంట్లో ఒకటి దూర్చుతున్నాడు. నిశ్శబ్దమంటే నాకు పడదు. ఏదో ఒకటి అనాలి కదా, నా గొప్ప అందుకున్నాను.

“పని ఖరాబైంది. ఐతది, మనుషులన్నంక. కానీ నా పెంకుల మీద మాట రానియ్యకురా. మీ మేడమ్‌కు చెప్పు, శ్యామలమ్మ దేవుని గిన్నెలు సుత అంత సాఫ్ కడగదని.”

వాడు నవ్వాడు. “మీ పెంకులను ఎవరేమన్నరు నానమ్మా?”

“అనకముందే చెప్తున్న. ముందుగాల నల్లా నీళ్లు. ఎన్క దొడ్డుప్పు, పసుపు ఏసిన నీళ్లల్ల మంచిగ నానబెట్టి—”

వాడు ఎత్తిన టబ్బులు మళ్లీ కింద పెట్టాడు.

“దొడ్డుప్పా? ఎంత ఏసిన్రు?”

“అందాజ. పిడికిళ్లతోని ఏసిన. ఎందుకు?”

“దాని ఎన్క ఉట్టి నీళ్లతోని కడిగిన్రా?”

“లేదు. అదే ఆఖరి నీళ్లు. గట్లనే ఆరబోసిన.”

“కూరగాయలు సుత గంతేనా? ఉప్పునీళ్లల్ల ముంచి, కడగకుంటనే వండుతరా?”

“కడగకుంటే కూర నోట్ల పెట్టనొస్తదా? ఎవలన్న—”

అంటూ ఆగిపోయాను.

కూరగాయలను మంచినీళ్లతో తప్పకుండా కడుగుతాను. ఉప్పునీళ్లు మురికికి, ఆ తర్వాత మంచినీళ్లు ఉప్పుకు. మరి పెంకులకు ఎందుకు పోయలేదు? బద్ధకమా? కాదు. మేడ మీద నల్లా ధారగా వస్తూనే ఉంది. మా అత్తగారింట్లో కళాయి పెట్టించిన గిన్నెలు తిరిగొచ్చినా, ఆసుపత్రి నుంచి దుప్పట్లు వచ్చినా, అన్నీ కడిగాక చివర పసుపునీళ్లు. అవి పడ్డాక ఇంకో చుక్క పోయకూడదు, పోస్తే శుద్ధి కొట్టుకుపోతుంది. నాకెవరూ నేర్పలేదు, చూసి చేశాను. యాభై ఏళ్ల పైన చేశాను. పెంకులు కడుగుతున్నప్పుడు మైల అనే మాట నా మనసులోకి రానే లేదు, దేవుడి మీద ఒట్టు. కానీ ఆ గోనెసంచులు ఎక్కడి నుంచి వచ్చాయో నా చేతికి గుర్తుంది. నన్ను అడగకుండానే అది తన పని తను చేసేసింది.

ఆషర్ నా మొహం చూస్తున్నాడు.

“వాసన కోసమా నానమ్మా?” అన్నాడు మెల్లగా.

“ఆఁ. వాసన కోసమే.”

వాడు తలూపాడు. గోనెసంచిలోంచి గుప్పెడు పెంకులు తీసి జేబులో వేసుకోబోయాడు. ఏమనుకున్నాడో, మళ్లీ సంచిలోనే జారవిడిచాడు. “మంచిగనే కడిగిన్రు నానమ్మా,” అని టబ్బులు ఎత్తుకుని దిగి వెళ్లిపోయాడు. మోకాళ్ల సంగతి అడగలేదు.

ఆ సాయంత్రం సృజన రాగానే అడిగాను.

“ఏమే, ఉప్పు కొలిమిల పడితే ఏమైతది?”

“ఏమైతది, కరుగుతది. మేము పెట్టే వేడికి నీళ్లలెక్క…” అంటూ అది చెప్పు విప్పబోతూ ఆగింది.

“కరిగి?”

“కరిగి సున్నం గింజలకు అంటుకుంటది. గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడ్తది. లోపలి సందులు మూస్కపోతయ్, నూనె లోపలికి పోదు.” నా వైపు తిరిగింది. “నానమ్మా, ఉప్పెక్కడిది?”

చెప్పాను. ఒక కాలికి చెప్పుతోనే నేలమీద కూలబడింది.

“ఆషర్‌కు చెప్పినవా?”

“వానికే ముందు చెప్పిన.”

“ఏమన్నడు?”

“మంచిగనే కడిగిన్రు అన్నడు.”

సృజన రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. తప్పు తనది కాదని వాడికి తెలిసింది. తెలిసి కూడా వెళ్లిపోయాడు. చెబితే నన్ను అందరిముందూ నిలబెట్టాలి. మేడమ్ ఎందుకని అడుగుతుంది, ఆ ఎందుకుకు జవాబు వాడికి కూడా తెలుసు.

“రేపే పేరు పంపిస్తది మేడమ్,” అంది సృజన.

“ఐతే పొద్దుగాల్నే పోదాం పా.”

“పోయి ఏం చెప్పాలె? ఉప్పు ఏసిందంటే ఎందుకు కడగలే అంటది. వాని ముంగట నిలబడి నువ్వేం చెప్తవ్ నానమ్మా?” దానికీ అర్థమైంది, నా మనవరాలే కదా. “వాసనకని చెప్దాం. కడుగుడు మర్చిపోయిన అని చెప్పు. గంతే.”

“అంతే చెప్పండి అత్తయ్యా,” అని రాధిక వంటింట్లోంచి అంది. “ఆ అబ్బాయి పేరు నిలబడుతుంది, మన పరువూ నిలబడుతుంది. మిగతావి ఎందుకు?”

సరేనన్నాను. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదనిపించింది. వాసన నిజంగానే ఉంది కదా.

పొద్దున ఆటోలో ఆ మిగిలిన గోనెసంచి నా కాళ్ల దగ్గర పెట్టుకుని కాలేజీకి వెళ్లాను. స్వర్ణలత మేడమ్ నేననుకున్నంత పెద్దావిడ కాదు. జడలో పెన్ను గుచ్చుకుని, మోచేతుల దాకా మరకలున్న తెల్లకోటుతో ఉంది. నాకు స్టూలు వేసి, చెప్పిందంతా మాట తుంచకుండా విన్నది. తర్వాత ఆషర్‌ను పిలిపించింది.

ముందు మాటలేమీ లేవు, పరీక్షే. మూడు గాజు గొట్టాల్లో నీళ్లు పోసింది. ఒకటి వాళ్ల శుద్ధమైన నీళ్లు, ఒకటి నల్లా నీళ్లు, ఒకటి నేను తెచ్చిన సంచిలోని పెంకులను శుద్ధమైన నీళ్లలో అప్పుడే నానబెట్టి తీసిన నీళ్లు. ఉప్పు ఉంటే పట్టిచ్చే మందట, నల్లరంగు సీసాలోంచి మూడింట్లోనూ చుక్కలు వేసింది. మొదటిది అలాగే ఉంది. రెండోది కాస్త మసకబారింది. మూడోది చూస్తుండగానే పాలు విరిగినట్టు తెల్లగా తరకలు తరకలైపోయింది.

“ఇంత ఉప్పా!” అంది మేడమ్. సృజన ఆషర్ వైపు చూసింది. ఆషర్ గొట్టం వైపే చూస్తున్నాడు.

“ఇంత మంచిగ కడిగిన్రు గదమ్మా, ఆఖరికి ఉట్టి నీళ్లెందుకు పొయ్యలే?” అని మేడమ్ నన్నే అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామనే.

వాసన అనే మాట నా నాలుక మీద ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆషర్ అందుకున్నాడు.

“వాసనకు మేడమ్. నేనే నానమ్మకు సరిగ చెప్పలే. నాదే తప్పు.”

కొలిమి తప్పు తన మీద పడ్డప్పుడు నాది కాదని అన్నవాడు, నా తప్పును మాత్రం అడక్కుండానే తీసుకున్నాడు. దాంతో నాకు ఆ మాట నోట్లోనే చేదైపోయింది.

“కాదు మేడమ్,” అన్నాను. “వాసనకే ఐతే ఆఖరికి మంచినీళ్లు పోసేదాన్ని. ఆ మూటలు బండ్ల కాడి నుంచి, వాళ్లింటి నుంచి వచ్చినయ్. అందుకని ఆఖరుకు పసుపునీళ్లు పోసిన. అవి పోసినంక మా ఇంట్ల ఇంక కడగరు.”

సృజన తల దించుకుంది.

“అమ్మ వాటిని ముందే కడిగి పంపింది నానమ్మా,” అన్నాడు ఆషర్. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “మీ ఇంటికి పోతున్నయని సర్ఫ్ ఏసి, మూడుసార్లు.”

కాళ్ల దగ్గరున్న గోనెసంచిని నేను స్టూలు కిందికి జరుపుకున్నాను.

మేడమ్ గొట్టాలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. “ఇద్దరు పిల్లలు గుప్పెడు చేసినప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడ పడ్డదో నాకు తెలుసు,” అంది. “సంచులు ఆటోల వచ్చిన దినం నేను అడగలే. ఎవరు పోగేసిన్రు, ఎవరు కడిగిన్రు, ఏ నీళ్లు, ఒక్కటి అడగలే. కొలిమి కాడ ఎవరు లేరో అదొక్కటే చూసిన. సారీ ఆషర్.”

“మేడమ్, నా పేరొక్కటే పంపకున్రి,” అంది సృజన. “పోతే ఇద్దరం పోతం. లేకుంటే లేదు.”

“ఏందే, సినిమా హీరోయిన్ లెక్క?” అన్నాడు ఆషర్. ఇన్నాళ్లకు వాడు దానితో అన్న మొదటి మాట అదే.

“నువ్వు నోరు మూస్కో. పాటగాడా.”

మేడమ్ ఒక అవకాశం ఇచ్చింది. పేర్లు పంపడం కాస్త ఆపుతుంది. ఈలోగా ఇంకొక పెద్ద వాయ తీయాలి. జాడీలో గీత వస్తే ఇద్దరి పేర్లూ వెళతాయి, రాకపోతే ఈ ఏడాదికి ఎవరిదీ వెళ్లదు.

రెండో వాయకు పెంకులు మా మేడ మీద కడగలేదు. నేనే మెట్టుగూడ వెళ్లాను. రాజ్యం వాళ్ల క్వార్టరు వెనక సిమెంటు గచ్చు, నల్లా ఉన్నాయి. నన్ను చూసి పీట తెచ్చి వేసింది.

“మీరు కూసోండి పెద్దమ్మా, మోకాళ్లట గదా. నేను చేస్త.”

“మోకాళ్లకే నొప్పి, చేతులకు కాదు.”

“మరి ఉప్పు ఎక్కువైందట మీ కాడ? కూరల సుత గట్లనే ఏస్తరా?” అని పకపకా నవ్వింది. ఆషర్ ఆవిడకు ఉప్పు దాకానే చెప్పాడని నాకు అప్పుడు తెలిసింది. నేనూ నవ్వాను. నవ్వాననే అనుకున్నాను.

ఎదురెదురుగా కూర్చుని కడిగాం. ఆవిడ పెంకు లోపలి పొరను బొటనవేలితో ఒక్క లాగులో తీసేస్తుంది. నాకది రాలేదు. ఊళ్లో సంగతులూ, బియ్యం సంగతులూ, ఆషర్ చిన్నప్పుడు పట్టాల పక్క రాళ్లు ఏరి సబ్బు నురగలో వేసి చూసేవాడన్న సంగతీ అన్నీ మాట్లాడుకున్నాం. అసలు మాట ఒక్కటే నేను ఎత్తలేదు. చివరి నీళ్లు ఆషర్ పోశాడు. ప్రతి టబ్బులోంచీ కాస్త నీళ్లు తీసి చుక్క వేసి చూసి, బాగున్నదాన్నే పక్కకు పెట్టాడు. నాది ఒక టబ్బు తిరిగొచ్చింది.

ఈసారి కొలిమిలో కుప్పగా పోయలేదు. అడుగున ఉన్నదానికి గాలి ఆడదని, పల్చగా పరిచి, కొంచెం కొంచెంగా కాల్చమంది మేడమ్. కాలినదాన్ని వెంటనే బిగుతు మూత డబ్బాల్లోకి ఎత్తారు, తేమ తగిలితే సున్నం చచ్చిపోతుందని. ఇద్దరూ వంతులవారీగా కొలిమి ముందే కూర్చున్నారు. సృజన వంతులో ఆషర్ పాటలకు వెళ్లొచ్చాడు. అది వాణ్ణి తలుపు దాకా సాగనంపి, “శ్రుతి తప్పకు,” అందట.

నూనె మార్చిన మర్నాడు నేనూ రాజ్యమూ కాలేజీకి వెళ్లాం. పెద్ద గాజు జాడీ బల్ల మీద ఉంది. అంతా ఒకటే రంగు. మేడమ్ క్లాసుకు వెళ్లి వచ్చింది. ఇంకా ఒకటే రంగు. ఆషర్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. రాజ్యం కొంగులో చేతులు చుట్టుకుని ఏదో ప్రార్థన గొణుగుతోంది. నేను నా దేవుణ్ణి తలచుకుందామంటే ఏ మొహంతో అడగాలో తెలియలేదు.

సృజనే ముందు చూసింది. ఆషర్ చొక్కా పట్టి లాగింది. జాడీ అడుగున చీకటి చిక్కబడుతోంది. పైన రంగు తేరుకుంటోంది. చిన్న సీసాలో వచ్చినంత సన్నగా రాలేదు గీత, కాస్త అలుక్కుపోయినట్టుంది. కానీ వచ్చింది.

మేడమ్ వంగి చాలాసేపు చూసింది. “చిన్నదాని కంటే తక్కువనే మారింది. ఎంత మారిందో అంతే రాయున్రి, ఎక్కువ రాయకున్రి. పేర్లు ఇయ్యాల్నే పంపిస్త, ఇద్దరివి.”

రాజ్యం కొడుకు తలమీద చెయ్యి పెట్టింది. వాడు ఆ చేతికి అందేట్టు వంగి నిలబడ్డాడు.

“ప్రదర్శనల మొదటి వాయ ఎందుకు పోయిందని తప్పకుండ అడుగుతరు,” అంది మేడమ్ వెళ్తూ. “అది ఆషరే చెప్పాలె.”

అందరూ సర్దుకుంటున్నారు. వాడు నా స్టూలు దగ్గరికి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“ఏం చెప్పమంటరు నానమ్మా?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకేం సిగ్గు లేదు.”

“ఉన్నదంతనా?”

“అంత.”

వాడు జాడీ వైపు చూసి, వాళ్లమ్మ వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు.

“ఉప్పు దాంక నేను చెప్త,” అన్నాడు. “మిగిలింది మీరే చెప్పుకోండి.”

లేచి వెళ్లి డబ్బా మూతలు బిగించడం మొదలుపెట్టాడు. రాజ్యం చెప్పులు వేసుకుంటూ నవ్వు మొహంతో దగ్గరికొచ్చింది.

“ఏమంటుండు పెద్దమ్మా మావోడు? పోదామా, ఆటో పిలుస్త?”

“జెర ఆగు రాజ్యం,” అన్నాను. “ముందు కూసో. ఆ మొదటిసారి నువ్వు కడిగి పంపిన పెంకులున్నయ్ చూడు…”